సుగుణమ్మ గారు సంతకం పెట్టని మినిట్స్

నేను ముప్పై రెండేళ్ళు జరగని సంగతులను జరిగినట్టుగా రాసి జీతం తీసుకున్నాను. కథలు రాసేవాణ్ణి కాదు. కంపెనీ సెక్రటరీని.

ఈ ఉద్యోగం పేరు చెప్పగానే చైర్మన్ గారి ఫోన్లు ఎత్తేవాడినని చాలామంది అనుకుంటారు. మా మామగారు చివరిదాకా అలాగే అనుకున్నారు. "మా అల్లుడు షార్ట్‌హ్యాండ్‌లో దిట్ట" అని బంధువులకు చెప్పుకునేవారు. నాకు షార్ట్‌హ్యాండ్ రాదు. ఆయన సంతోషాన్ని పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను. అసలు నా పని వేరు. కంపెనీ చట్టాన్ని మీరకుండా చూడాలి. బోర్డు సమావేశాలు జరిపించాలి. అక్కడ ఎవరు వచ్చారో, ఏం తీర్మానించారో మినిట్స్ పుస్తకంలో రాయాలి.

పరీక్షలు పాసై కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ అనుభవం నాలుగు ముక్కలు చెప్పండి" అంటారు. ఫారాల గురించీ గడువుల గురించీ మీకు ఎవరైనా చెబుతారు. నేను చేసిన ఒక వెధవ పని గురించి చెబుతాను. దాని మీద నాకున్నంత పట్టు ఇంకెవరికీ లేదు.

మా బోర్డు

మాది రొయ్యల కంపెనీ. అల్లూరు దాటి సముద్రం వైపు పోతుంటే ఎడమచేతి పక్క మా ప్లాంటు. చెరువుల నుంచి వచ్చిన రొయ్యలకు తలలు తీసి, పొట్టు ఒలిచి, గడ్డకట్టించి విదేశాలకు పంపుతాం. ఒలిచే షెడ్డులో పనిచేసేవాళ్ళంతా ఆడవాళ్ళు. బోర్డులో కూర్చునేవాళ్ళంతా మగవాళ్ళు. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలా ఏళ్ళు తట్టలేదు.

చైర్మన్ రమణయ్య గారు. రెండు చెరువులతో మొదలుపెట్టి ఇంత చేసిన మనిషి. గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు. మిగతా డైరెక్టర్లలో ఒకాయన చైర్మన్ గారి బావమరిది. ఒకాయన బడిలో ఆయన పక్కన కూర్చున్న స్నేహితుడు. ఒకాయన రిటైరైన డాక్టరు, మూడో అంశం వచ్చేసరికి హాయిగా నిద్రపోయేవారు. ఇంకో ఇద్దరు భోజనం వేళకు నెల్లూరు నుంచి కారులో దిగేవారు. చేపల పులుసులో మామిడికాయ పడిందా లేదా అన్న చర్చ మా బోర్డులో నేను విన్న అతి గట్టి చర్చ.

అప్పుడు కొత్త చట్టం వచ్చింది. మాలాగా షేర్లు మార్కెట్లో ఉన్న ప్రతి కంపెనీ బోర్డులోనూ కనీసం ఒక మహిళ ఉండి తీరాలన్నారు. మా వృత్తివాళ్ళంతా నెల్లూరులో ఒక హోటల్ హాల్లో సదస్సు పెట్టుకున్నాం. నేను కూడా లేచి మాట్లాడాను. "డైరెక్టర్లను సామర్థ్యం చూసి తీసుకోవాలి గానీ ఆడా మగా అని చూసి కాదు. సామర్థ్యం ఉన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు" అన్నాను. చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టినవాళ్ళంతా మగవాళ్ళే అన్నది నేను గమనించలేదు. కిందికి దిగి అదే నోటితో మా చైర్మన్ గారి బావమరిదికి ఫోన్ చేసి, రేపు మీటింగు ఉందని మూడోసారి గుర్తుచేశాను. బావమరిది కావడం కాకుండా ఆయన సామర్థ్యం ఇంకేమిటని అంతవరకు మాలో ఎవరూ అడగలేదు. సామర్థ్యం అనే మాట ఆడవాళ్ళు గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడే మాకు గుర్తొచ్చింది.

రమణయ్య గారు నాలాగా ప్రసంగాలు చేయలేదు. "ఎవురో ఒక ఆడమనిషి పేరు కావాల, అంతే గదా? మా ఇంటామె పేరు రాసెయ్" అన్నారు.

నా నెత్తిన పాలు పోసినట్టయింది. కాగితాలు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. సుగుణమ్మ గారు వంటింట్లో చింతపండు పిసుకుతున్నారు. చేతులు కడుక్కొని వచ్చి కాగితాలు చూశారు. ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి, ఇంగ్లీషు రాదు.

"ఇందులో నేనేం చెయ్యాల అన్నా?" అని అడిగారు.

"ఏమీ చెయ్యక్కర్లేదమ్మా. సంతకం పెడితే చాలు" అన్నాను.

నా సర్వీసు మొత్తంలో నేనిచ్చిన అతి దరిద్రమైన సలహా అదే.

ముందే జరిగిపోయే సమావేశం

ఇక్కడ మా పనిలోని ఒక రహస్యం చెప్పాలి. మీకు చదువులో ఇది చెప్పరు, ఉద్యోగంలో మొదటి నెలలోనే నేర్పుతారు. మినిట్స్ సమావేశం అయ్యాక రాయరు. సమావేశానికి రెండు రోజుల ముందే రాస్తారు. నాకు ఇది నేర్పింది మద్రాసులో నా మొదటి బాస్. నేను పెన్నూ పుస్తకమూ పట్టుకుని మీటింగుకు బయల్దేరితే ఆయన నవ్వి, ఐదు పేజీలు టైపు చేసిన కాగితం చేతిలో పెట్టారు. అందులో "సుదీర్ఘంగా చర్చించిన పిమ్మట" అని కూడా ఉంది. మీటింగు ఇంకా మొదలే కాలేదు.

"ఏం జరగబోతుందో తెలియకుండా మీటింగు పెట్టేవాడు సెక్రటరీ ఎట్లా అవుతాడోయ్?" అన్నారు.

గొప్ప పాఠం నేర్చుకున్నానని పొంగిపోయాను. అప్పటినుంచి నేను రాసిన సమావేశాలన్నీ రాసినట్టే జరిగాయి. జరగకపోతే జరిగినట్టే రాశాను. చట్టప్రకారం మినిట్స్ మీద చైర్మన్ సంతకం సరిపోతుంది. మా రమణయ్య గారికి మాత్రం ఏ కాగితం మీదా ఒంటరిగా సంతకం పెట్టడం ఇష్టం ఉండదు. ఏదన్నా తేడా వస్తే తోడు కావాలి గదా. అందుకని మా కంపెనీలో మినిట్స్ మీద డైరెక్టర్లందరూ సంతకం పెట్టడం ఆచారమైంది.

సుగుణమ్మ గారు డైరెక్టరైన తొలి ఏడాది మూడు సమావేశాలు దాటిపోయాయి, ఆమె రాలేదు. నేను పిలవలేదు కూడా. ఏడాది పొడుగునా ఒక్క సమావేశానికీ రాని డైరెక్టరు పదవి దానంతటదే పోతుంది. ఈ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. హాజరు పుస్తకం చంకన పెట్టుకుని మళ్ళీ ఆ వంటింటికే వెళ్ళాను.

"ఇక్కడ ఒక్క సంతకం పెట్టండమ్మా. పోయిన నెల మీటింగుకు మీరు వచ్చినట్టు."

"నేను రాలేదే!"

"రాలేదనుకోండి. వచ్చినట్టు."

ఆమె పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టేశారు. "రాని పేరంటానికి తాంబూలం తీసుకోమంటావా అన్నా? నాకు సిగ్గుగా ఉండదా? తర్వాత మీటింగు ఎప్పుడో చెప్పు. వస్తా."

ఆమె మీద నాకు కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో అప్పుడు తెలియలేదు. సిగ్గుపడాల్సింది నేనని ఆమె అంత మర్యాదగా చెప్పడం వల్ల వచ్చిందని ఇప్పుడు తెలుసు.

గుప్పెడు రొయ్యలు

ఈ కథలో ఒక తలుపుంది. దాని సంగతి ఇప్పుడు చెప్పాలి.

ఒలిచే షెడ్డుకు రెండు దారులు. ముందు దారి అమోనియా యంత్రాల గది పక్కనుంచి పోతుంది. సరుకు గడ్డకట్టించేది ఆ అమోనియాతోనే. అది లీకైతే కళ్ళు తెరవలేం, ఊపిరి తీయలేం. వెనక తలుపు తీస్తే నేరుగా సరుగుడు తోపు.

సుగుణమ్మ గారు వస్తానన్న ఆ మీటింగుకు రెండేళ్ళ ముందు ఒక రోజు గేటు దగ్గర ఒకామె అన్నం క్యారియర్‌లో గుప్పెడు రొయ్యలు దొరికాయి. గుప్పెడంటే గుప్పెడే, ఒక మనిషికి కూరకు కూడా చాలవు. దాని మీద నేను ఒకటిన్నర పేజీ సర్క్యులర్ తయారుచేశాను. వెనక తలుపుకు తాళం వేయించాను. తాళంచెవిని నా టేబులు సొరుగులో పెట్టి, ఆ సొరుగుకు ఇంకో తాళం వేశాను. నేను పనిమీద మద్రాసు వెళితే ఆ తాళంచెవులు కూడా నాతో మద్రాసు చూసివచ్చేవి. సర్క్యులర్ భాష బాగుందని రమణయ్య గారు మెచ్చుకున్నారు. ఆ రోజు నేను ఇంటికి జిలేబీ తీసుకెళ్ళాను.

షెడ్డులో నలభై మందికి పెద్ద మార్తమ్మ. ఆమె ఒకసారి నా గది గుమ్మంలో నిలబడి, "సారూ, ఆ ఎనక తలుపు తాళం తీపిచ్చండి. లోపల ఎట్నో ఉంటాది మాకు" అంది. సర్క్యులర్ చూపించాను. ఆమెకు చదువు రాదని తెలిసే చూపించాను.

అప్పటికి నాకు తెలియనిదొకటుంది. రమణయ్య గారికి రెండు చెరువులు మాత్రమే ఉన్న రోజుల్లో, పట్టిన రొయ్యలను గట్టు మీద కూర్చుని సైజులవారీగా ఏరింది ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు మార్తమ్మ, ఒకరు సుగుణమ్మ గారు.

తెలుగులో చెప్పు

చెప్పినట్టే సుగుణమ్మ గారు మీటింగుకు వచ్చారు. అందరికంటే ముందు, గంట ముందు వచ్చారు. ఆ గంట ఆఫీసులో కూర్చుంటారనుకున్నాను. నేరుగా షెడ్డుకు వెళ్ళి మార్తమ్మను పలకరించి వచ్చారు. నాకేం తెలుసు? భోజనాల లెక్క ఆరు నుంచి ఏడుకు మార్చే హడావుడిలో ఉన్నాను.

మీటింగు నేను రాసినట్టే నడిచింది. డాక్టరు గారు సమయానికి నిద్రపోయారు. చివర కాగితాలు తిప్పాను. అందరూ చూడకుండా సంతకాలు పెట్టారు. సుగుణమ్మ గారి దగ్గర కాగితం ఆగింది.

"అన్నా, ఇంగ్లీషు నాకు రాదు. తెలుగులో చెప్పు. ఒక్కో ముక్కా."

రమణయ్య గారు గోడ మీది గడియారం చూశారు. నేను చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషులో ఎంతో గంభీరంగా ఉండే వాక్యాలు తెలుగులో పెడుతుంటే ఒక్కొక్కటే బట్టలూడినట్టు నిలబడ్డాయి. ఆరో అంశానికి వచ్చాను. "ప్లాంటులో భద్రతా ఏర్పాట్లను బోర్డు పరిశీలించింది. అత్యవసర ద్వారాలన్నీ సక్రమంగా పనిచేస్తున్నాయని గమనించి, సంతృప్తి వ్యక్తం చేసింది."

"ఎవురు పరిశీలించినారు?"

 బావమరిది గారు నీళ్ళు తాగారు.

"నేను పొద్దున పోయి చూసొచ్చినా. ఎనక తలుపుకి తాళం ఏసుండాది. లోపల నలభై మంది ఉండారు. తాళంచెవి ఎవురి దగ్గరుంది?"

అందరూ నా వైపు చూశారు. నేను మాత్రం చూడ్డానికి ఎవరూ దొరక్క కాగితం వైపు చూశాను. తర్వాత, చదువుకున్నవాణ్ణి గదా, వాదించాను. "అమ్మా, ఇవి రోజువారీ విషయాలు. సరుకు బయటికి పోకుండా తీసుకున్న జాగ్రత్త. ఇది బోర్డు స్థాయి విషయం కాదు."

"బోర్డు స్థాయిది కానప్పుడు బోర్డు కాయితంలో ఎందుకు రాసినావు?"

నేను పేజీ తిప్పబోయాను. 

రమణయ్య గారు గొంతు తగ్గించి, "సుగుణా, ఇంటికి పోయినాక మాట్టాడుకుందాంలే" అన్నారు.

"ఇంట్లో మాట్టాడేదయితే నన్ను ఇంట్లోనే ఉండనియ్యాల్సింది. చట్టం నన్ను ఇక్కడ కూర్చోమనింది. ఇక్కడే అడుగుతా." ఆమె రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుని ఉన్నారు. "సంతకం పెట్టను. నాకు ఇష్టంలేదని రాసుకోండి."

ఒక డైరెక్టరు ఒప్పుకోలేదన్న మాట నా పుస్తకంలో అంతవరకు లేదు. ఏడుగురిలో ఒకరు కాదన్నంత మాత్రాన తీర్మానం ఆగదు. ఆమె అన్నట్టు రాసేసి ముందుకు పోవచ్చు. కానీ ఆ వాక్యాన్ని నేను రాయలేను. రాస్తే, తాళం ఎవరు వేశారో కింద జవాబు కూడా రాయాలి. "అమ్మా, ఈ ఒక్కసారికి..." అని బతిమాలాను. ఆమె తల అడ్డంగా ఊపారు. డాక్టరు గారు అప్పుడే లేచి, "ఏంది, భోజనమా?" అన్నారు.

రమణయ్య గారు భార్య చేతుల వైపు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "తాళం తియ్యిపోవయ్యా" అన్నారు.

తాళంచెవి

సొరుగు తెరిచి తాళంచెవి తీసుకుని నేనే వెళ్ళాను. షెడ్డు వెనక్కి తిరిగి, తలుపు బయట నిలబడి తిప్పాను. తిరగలేదు. నూనె పోసి తిప్పాను. తిరగలేదు. ఉప్పుగాలికి తాళం లోపలంతా తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చివరికి మెకానిక్ ఆకురాయీ రంపం బ్లేడూ తెచ్చాడు; దాన్ని కోయడానికి అతనికి ఇరవై నిమిషాలు పట్టింది.

అంటే రెండేళ్ళుగా నేను అంత భద్రంగా దాచిన తాళంచెవి ఎప్పటినుంచో ఆ తాళాన్ని తెరవలేనిదన్నమాట. ఏదైనా జరిగి నేను పరిగెత్తుకొచ్చినా తెరుచుకునేది కాదు. ఇరవై నిమిషాలు. అవతల నలభై మంది. అక్కడే సరుగుడు ఆకుల మీద కూలబడ్డాను. ఎండదెబ్బ అనుకుని మెకానిక్ మజ్జిగ తెచ్చిచ్చాడు.

వెళ్ళేటప్పుడు సుగుణమ్మ గారు ఒక షరతు పెట్టారు. "వారానికోసారి నువ్వే పోయి ఆ తలుపు తోసి చూడాలన్నా. వేరేవాళ్ళను పంపొద్దు." సణుక్కుంటూ ఒప్పుకున్నాను. ప్రతి మంగళవారం మధ్యాహ్నం తలకు నీలం టోపీ, కాళ్ళకు రెండు సైజులు పెద్ద గమ్ బూట్లు తొడుక్కుని షెడ్డులో నడిచేవాణ్ణి. ఆడవాళ్ళు మొహాలు తిప్పుకుని నవ్వేవాళ్ళు.

నాలుగో మంగళవారం తలుపు తోసి, బాగానే ఉందని వెనక్కి తిరుగుతున్నాను. యంత్రాల గది వైపు బుస్సుమని చప్పుడు. ముక్కులో సూదులు గుచ్చినట్టయింది. ముందు దారంతా తెల్లటి పొగ కమ్ముకుంది. ఎవరో కేక వేశారు.

తర్వాత నేను చేసింది రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాస్తాను. పరిగెత్తాను. ఒక బూటు తలుపు దగ్గరే ఊడిపోయింది. సరుగుడు తోపు మధ్యకు చేరాక ఆగి వెనక్కి చూశాను. మార్తమ్మ తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, ఒక్కొక్కరి వీపు తట్టి పేరు పిలుస్తూ బయటికి పంపుతోంది. అందరూ వచ్చాక ఆఖరున ఆమె వచ్చింది.

నలుగురైదుగురికి కళ్ళు మండి, దగ్గులొచ్చి, రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. అంతకుమించి ఏమీ కాలేదు. మార్తమ్మ నీళ్ళు కారే కళ్ళతో నా దగ్గరికి వచ్చి, చేతిలోని బూటు నా కాళ్ళ దగ్గర పెట్టింది.

"దేవుడు మిమ్మల్ని సల్లగా సూడాల సారూ. మీరు తీపిచ్చిన తలుపే గదా!"

నేను తాళం కోయిస్తుండగా చూసింది. అందుకని అలా అనుకుంది. నేను కాదని చెప్పలేదు.

సవరణ

మరి కంపెనీల బోర్డుల్లో ఆడవాళ్ళు ఉండాలని బలవంతం చేయాలా? సదస్సులో నేనన్నదానికి ఇప్పుడు నా జవాబు: చేయాలి. బలవంతం లేకపోతే నేను ఆ కాగితాలు పట్టుకుని ఆ వంటింటికి పోయేవాణ్ణే కాదు. ఈ చట్టాన్ని మోసం చేయడం తేలికన్నదీ నిజమే. నేనే చేశాను గనక గట్టిగా చెప్పగలను. భార్య పేరో కూతురి పేరో రాసి ఊరుకునే కంపెనీలు ఉన్నాయి. అలాంటిచోట సెక్రటరీగా మీరుంటే ఒక్క పని చేయండి: ఆమెను పిలవండి. కాగితం ఆమెకు అర్థమయ్యే భాషలో చదవండి. ఇంకో మాట. ఒక్కరు చాలరు. ఆ రోజు సుగుణమ్మ గారు చేతులు అంత గట్టిగా పట్టుకున్నది భయంతో కాదు, ఒంటరితనంతో అని నా నమ్మకం. పక్కన ఇంకొకామె ఉంటే డాక్టరు గారు కూడా మెలకువగా ఉండేవారేమో.

లీకు తర్వాతి సమావేశానికి కూడా నేను అలవాటు మానలేదు. "యాజమాన్యం ముందుచూపుతో వెనక ద్వారం తెరిపించినందువల్ల ప్రమాదం తప్పినదని బోర్డు గమనించింది" అని ముందే రాసుకెళ్ళాను. సుగుణమ్మ గారు మళ్ళీ తెలుగులో చదివించుకున్నారు. ముందుచూపు అన్న చోట ఒక్క క్షణం నా మొహం చూశారు. "పోనీలే, రాసుకో అన్నా. తలుపు తీసుంటే సాలు" అని సంతకం పెట్టేశారు.

ఆమె కాదని ఉంటే దిద్దేవాణ్ణి. కాదనలేదు గనక అది అలాగే ఉండిపోయింది. ఆమె అడిగిన ప్రశ్నలు ఆ పుస్తకంలో ఎక్కడా లేవు. తాళం కోయించిన రోజు ఆరో అంశాన్ని తీసేసి పేజీ కొత్తగా టైపు చేయించాను, ఆమె కూడా సంతకం పెట్టారు. యాభై ఏళ్ళ తర్వాత ఎవరైనా తెరిచి చూస్తే సుగుణమ్మ గారు నోరు మెదపని డైరెక్టరుగా కనిపిస్తారు.

సంతకమైన మినిట్స్ దిద్దకూడదు. తప్పుంటే తర్వాతి సమావేశంలో సవరణ రాసుకోవాలి. రిటైరైన నాకు ఇక సమావేశాలు లేవు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఈసారి అంతా జరిగాకే రాస్తున్నాను.

ఒలిచే షెడ్డు వెనక తలుపు తీయించింది సుగుణమ్మ గారు. తాళం వేయించింది నేను. తీయొద్దని వాదించింది నేను. ఆ తలుపులోంచి అందరికంటే ముందు బయటపడింది కూడా నేనే.